పద్దెనిమిదో కిలోమీటరు

ఊరి చివరి మైదానం దగ్గర మొదలై, నీటిమట్టాన్ని షట్టర్లతో అదుపు చేసే లాకు దగ్గర ఆగే కాలువ గట్టు దారి ఇరవై ఒక్క కిలోమీటర్లు. ఒకప్పుడు సరుకు పడవలకు తాళ్లు కట్టి, మనుషులు ఒడ్డున నడుస్తూ లాక్కెళ్లడానికి వేసిన దారి అది. బరువు లాగేవాడికి ఎత్తుపల్లాలు వస్తే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి దాన్ని నీటితో సమానంగా, పలక పరిచినట్టు వేశారు. పడవలు పోయి రెండు తరాలైంది. ఇప్పుడు దాని మీద పొద్దున్నే నడిచేవాళ్లు, సైకిళ్ల మీద పనికి వెళ్లేవాళ్లు, పరిగెత్తేవాళ్లు.

పరిగెత్తేవాళ్లలో కండక్టరమ్మ ఒకరు. సిటీ బస్సులో పదమూడేళ్లుగా టికెట్లు కొడుతున్న మనిషి. వయసు ముప్పై తొమ్మిది. మధ్యాహ్నం షిఫ్టు ఉన్న రోజుల్లో తెల్లారేసరికి గట్టెక్కి, లాకు దాకా పరిగెత్తి, లాకు కాపలా చూసే అన్నయ్య ఇంట్లో స్నానం చేసి, వదిన పెట్టింది తిని, అటు నుంచి వచ్చే బస్సెక్కి డ్యూటీకి చేరేది. భర్త అదే డిపోలో డ్రైవరు. "మా ఆవిడకి బస్సంటే ఎంత విసుగో చూడండి, తీరికుంటే ఇరవై కిలోమీటర్లయినా బస్సెక్కకుండా పోతుంది" అని అందరినీ నవ్విస్తుండేవాడు.

ఆమెను పరుగులో దింపింది వాచీ మాస్టారు. రిటైరైన ఆటల టీచరు. మెడలో స్టాప్‌వాచీ లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. ఐదేళ్ల కిందట ఒక ప్రయాణికుడు సంచి మరిచిపోయి దిగిపోతే, ఆమె బస్సు ఆపించి, రెండు వీధులు వెంటపడి మరీ ఇచ్చి వచ్చింది. కిటికీలోంచి చూస్తున్న మాస్టారు, ఆమె తిరిగొచ్చేసరికి వాచీ నొక్కి పట్టుకుని ఉన్నారు.

"అమ్మాయ్, నువ్వు టికెట్లు కొట్టడానికి పుట్టలేదు" అన్నారు.

"పుట్టకపోయినా కొట్టాలి మాస్టారూ. మీరింకా తీసుకోలేదు" అందామె.

ఆ మర్నాటి నుంచి గట్టు మీద ఆయన శిష్యురాలైంది. "చదును దారిని తేలిగ్గా తీసుకోకు" అని మొదటి రోజే చెప్పారాయన. "ఎక్కుడులో ఒక కండ కష్టపడితే దిగుడులో ఇంకోటి కష్టపడుతుంది. ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి సేదతీరుతుంది. చదునులో అదేం లేదు. అదే కండ, అదే అడుగు, ఇరవై వేల సార్లు. చిన్న తేడా వచ్చినా కాలే చెబుతుంది." ఐదేళ్లలో ఆమె కాళ్లకు ఆ దారి కంఠతా వచ్చేసింది.

అందుకే ఆ మంగళవారం ముందుగా పసిగట్టింది ఆమె కాళ్లే.

పద్దెనిమిదో కిలోమీటరు రాయి దాటాక, ఎడమ కాలు నేల కోసం ఒక్క క్షణం ఎక్కువ వెతుక్కుంది. చీకట్లో మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేకపోయినట్టు, ఒళ్లు జల్లుమంది. ఆగి చూసింది. ఏమీ లేదు. దారి మామూలుగానే ఉంది. వెనక్కి వెళ్లి మళ్లీ పరిగెత్తింది. మళ్లీ అదే చోట, అదే కాలు. వంగి గడ్డానికి నేల తాకేంతగా చూస్తే తెలిసింది. పదిహేను అడుగుల పొడుగున గట్టు బయటివైపు రెండు వేళ్లంత దిగింది.

కాలువలో నీళ్లు అంచుల దాకా ఉన్నాయి. ఆ నెలలో ఎప్పుడూ అంత ఉండవు. ఆదివారం ఊళ్లో మొట్టమొదటి మారథాన్. రెండు వేల మంది గట్టు మీదుగా లాకు దాకా వెళ్లి తిరిగి రావాలి. ఆ పోటీ మాస్టారి పదేళ్ల కల. నీళ్లు నిండుగా ఉంటే ఫొటోలు బాగా వస్తాయని పోటీ కమిటీ వాళ్లు కాలువల పై ఆఫీసులో అడిగారు. కాలువ మట్టం మామూలు కంటే అడుగున్నర ఎక్కువ పెట్టి, ఆదివారం సాయంత్రం దాకా తగ్గించవద్దని లాకుకు ఆర్డరొచ్చింది.

మర్నాడు పరుగు పక్కనబెట్టి ఆమె గట్టు దిగి చూసింది. కింద గట్టు వారగా ఒక మొక్కల నర్సరీ ఉంది. దాని అవతల ముప్పై ఇళ్ల కాలనీ. నర్సరీ నడిపేది ఒక పెద్దావిడ. ఒంటరి మనిషి, నోటి నిండా మాటలు.

"రామ్మా రా. చూశావా నా మొక్కలు? ఈ వారం నీళ్లు పోసిందే లేదు. కుండీలు ఎత్తితే కింద తడి. ఎవరో పుణ్యాత్ములు పొద్దున్నే లేచి పోసేసి పోతున్నట్టుంది" అంది పెద్దావిడ.

గట్టు మొదట్లో జానెడు గుంట. దానిలోంచి నీళ్లు సన్నగా, చప్పుడు లేకుండా ఉబుకుతున్నాయి. దోసిట్లోకి తీసుకుంది. తేటగా, అద్దంలా ఉన్నాయి. కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఆమె పుట్టి పెరిగింది లాకు ఇంట్లోనే. అన్నయ్య కంటే ముందు ఆ పని నాన్నది. చిన్నప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని గట్టు చూపిస్తూ ఆయన అనేవాడు: "మట్టి గట్టుకి ఊట ఉంటుంది. అది తేటగా ఉన్నంతకాలం భయపడక్కర్లేదు. రంగు మారిందంటే మాత్రం, గట్టు లోపల్నుంచి కరిగిపోతోందని అర్థం. దాన్నే బుంగంటారు. అప్పుడిక నిలబడి చూడొద్దు."

గురువారం అన్నయ్యను వెంటబెట్టుకొచ్చింది. ఆయన చేతికర్రతో నేల పొడిచి చూశాడు. గుంట ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు నీళ్లనే చూశాడు. దారి మీద, బయటి అంచు పొడవునా, నూలుపోగంత పగులు ఒకటి పడి ఉంది. దానిలో గడ్డిపరక దూరిస్తే పూర్తిగా లోపలికి పోయింది.

"తేటగానే ఉన్నాయి పిట్టా" అన్నాడు. చిన్నప్పట్నుంచీ ఆమెను పిట్టా అనే పిలుస్తాడు.

"పగులు?"

"చూశాను." లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "ఆఫీసుకి చెప్తాను. మట్టం తగ్గించమంటే ఒక్క పూట పని. షట్టర్లెత్తితే మిగులు నీరంతా ఏట్లోకి పోతుంది. కానీ వాళ్లు చెప్పాలి."

ఆయన అక్కణ్నుంచే ఫోను చేశాడు. అవతలి గొంతు ఆమెకూ వినిపించింది. పోటీ అయ్యాక సోమవారం వచ్చి చూస్తామనీ, అంతవరకు ఎవరితోనూ అనవసరంగా మాట్లాడొద్దనీ.

శుక్రవారం ఆమెకు పొద్దుటి షిఫ్టు. సాయంత్రం గట్టెక్కేసరికి పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర లారీ చక్రాల గుర్తులున్నాయి. దిగిన చోటంతా కొత్త కంకర పోసి, రోలరు తిప్పి, అంచుకు సున్నం గీత కూడా గీశారు. పగులు కనబడటం లేదు. మాస్టారు అక్కడే ఉన్నారు. పొడవాటి చెక్కబద్ద మీద నీటిబుడగ గొట్టం పెట్టి దారి చదును చూసుకుంటున్నారు.

"మీ అన్నయ్య ఆఫీసుకి చెప్పాడటమ్మాయ్, ఇక్కడ పల్లం పడిందని. మంచిపని చేశారు. రెండు వేల మంది కాళ్లు, ఎవరికి మడమ మెలిక పడినా నా మెడకే చుట్టుకుంటుంది. చూడు ఇప్పుడు, బుడగ నడిమధ్యలో ఉంది."

"పల్లం పూడ్చమని కాదు మాస్టారూ. అది ఎందుకు పడిందో చూడమని."

"మట్టి గట్టు. కాస్త అటూ ఇటూ అవుతుంది."

"మీరే అన్నారు, చదునులో చిన్న తేడా వచ్చినా కాలు చెబుతుందని. నా కాలు చెప్పింది."

ఆయన నవ్వారు. కానీ ఆ నవ్వు సగంలోనే ఆగింది. చెక్కబద్ద తీసి మోటారుసైకిలుకు కట్టుకుంటూ, "ఆదివారం దాటనీ. నేనే వచ్చి ఆఫీసు ముందు కూర్చుంటాను, నీతోపాటు" అన్నారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

కంకర బండెడు బరువు. ఇంటికి వచ్చి పడుకున్నా ఆ బరువు ఆమె గుండెల మీదే ఉంది.

శనివారం డ్యూటీ దిగి సరాసరి నర్సరీకి వెళ్లింది. ఎండ ఇంకా ఉంది. పెద్దావిడ గుమ్మంలో కూర్చుని చిన్న కుండీల్లో మట్టి నింపుతోంది. ఈసారి నవ్వలేదు.

"రాత్రి నుంచీ ఏదో చప్పుడమ్మా. గోడ అవతల ఎవరో గుక్కలేసి నీళ్లు తాగుతున్నట్టు. వెళ్లి చూస్తే ఎవరూ లేరు."

గుంట ఇప్పుడు మూరెడయింది. నీళ్లు బుడబుడమంటూ పైకొస్తున్నాయి. వాటితోపాటు మెత్తటి ఇసుక వచ్చి, గుంట చుట్టూ చిన్న పుట్టలా పేరుకుంది. ఆమె దోసిట్లోకి తీసుకుంది. అరచేతి గీతలు కనబడలేదు. నీళ్లు టీ రంగులో ఉన్నాయి.

దోసిలి విదిలించి లేచింది. "అమ్మా, ఈ రాత్రికి ఇక్కడ పడుకోవద్దు. మీ అమ్మాయి ఇంటికి వెళ్లండి."

"అదెక్కడో అవతలి ఒడ్డున ఉంటుంది. రేపు పోటీకొచ్చేవాళ్లు మొక్కలు కొంటారని ఇన్ని నింపాను తల్లీ. రేపు మధ్యాహ్నం వెళ్తాలే."

ఎంత చెప్పినా కదల్లేదు. కండక్టరమ్మ గట్టెక్కి, మూడు కిలోమీటర్లు చెప్పులతోనే లాకు దాకా పరిగెత్తింది.

అన్నయ్య వరండాలో కూర్చుని మట్టం పుస్తకం రాసుకుంటున్నాడు. ఆమె గస పెడుతూనే చెప్పింది. రంగు మారింది అన్న మాట దగ్గర ఆయన కలం ఆగింది. ఆఫీసుకు ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఇంజనీరు ఇంటికి చేశాడు. ఇంజనీరు విని, లాకు దగ్గరుండే మనిషికి బుంగలూ భూకంపాలూ కనబడటం మామూలేననీ, కాలువ తగ్గించి రేపు అందరి ముందూ తన పరువు తీస్తే ఊరుకోననీ చెప్పి పెట్టేశాడు.

"నువ్వు ఎత్తెయ్ అన్నయ్యా. షట్టర్లు ఎత్తెయ్."

"ఆర్డర్ లేకుండా ఎత్తితే ఏమవుతుందో తెలుసా? నాలుగు నెలల్లో రిటైరవుతాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క మెమో లేదు నాకు."

"నాన్నుంటే ఏం చేసేవాడు?"

"నాన్నని తేకు మధ్యలోకి!" ఆయన అరిచాడు. ఆయన అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు. అరిచాక ఆయనే బెదిరిపోయినట్టు చేతులు చూసుకున్నాడు. "దాన్ని పట్టపగలు చూడాలి. పొద్దున్నే వెళ్లి చూస్తాను. చూసి అప్పుడు..."

లోపల్నుంచి వదిన వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. తక్కువ మాట్లాడే మనిషి. "మీకు రిటైర్మెంటు నాలుగు నెలల్లో ఉంది. వాళ్ల ఇళ్లు గట్టు కింద ఉన్నాయి" అంది. అని మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

కండక్టరమ్మ చివరి బస్సెక్కి ఇంటికి వచ్చేసింది.

ఆదివారం ఐదున్నరకు మైదానం తిరనాళ్లలా ఉంది. మైకులు, రంగు జెండాలు, చొక్కాల మీద నంబర్లు. ఆమె జనాన్ని తోసుకుంటూ మాస్టారి దగ్గరికి వెళ్లింది.

"మాస్టారూ, నీళ్ల రంగు మారింది. ఆపించండి. పోనీ పదిహేడు దగ్గర వెనక్కి తిప్పించండి."

"ఇప్పుడా?" ఆయన మొహంలో రక్తం లేదు. చుట్టూ రెండు వేల మంది. వేదిక మీద పెద్దమనుషులు. "అమ్మాయ్, ఇప్పుడు నేనా మాటంటే తొక్కిసలాటవుతుంది. నువ్వు లైన్లో నిలబడు. నేను బండి మీద వెనకే వస్తాను. అక్కడికొచ్చాక చూద్దాం."

ఆమె లైన్లో నిలబడలేదు. తాడు కింద నుంచి దూరి పరిగెత్తింది. మైకులో ఎవరో, "మేడమ్, ఇంకా టైము కాలేదు, అంత తొందరెందుకు" అన్నారు. జనమంతా గొల్లుమన్నారు. ఆ నవ్వు కిలోమీటరు దాకా వెంటొచ్చింది.

జీవితంలో ఎప్పుడూ అంత వేగంగా పరిగెత్తలేదామె. దారిలో నీళ్ల బల్లల దగ్గర నిలబడ్డవాళ్లు ఆమే మొదటి మనిషనుకుని చప్పట్లు కొట్టారు. కుడి పక్క కాలువ కదలకుండా, నిండుగా, సీసంలా ఉంది. పన్నెండో కిలోమీటరు దగ్గర ఆవలి ఒడ్డు రాళ్లు చూసింది. రాళ్ల మీద, నీటికి కాస్త పైన, తడి గీత. కొంత దూరం పోయాక మళ్లీ చూసింది. తడి గీత బెత్తెడు వెడల్పయింది. నీళ్లు తగ్గుతున్నాయి. అన్నయ్య షట్టర్లెత్తాడు! ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే ఊపిరి అందదు. మింగేసి పరిగెత్తింది.

పద్దెనిమిదో కిలోమీటరు కనబడగానే ఆమె ఇంకా వేగం పెంచింది. కాలనీ మొత్తం గట్టెక్కి ఉంది. పోటీ చూడటానికి పిల్లాజెల్లాతో వచ్చారు. కొత్త కంకర చదునుగా ఉందని ముసలివాళ్లకు దాని మీదే కుర్చీలు వేశారు. ఒక తాత కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకుంటున్నాడు.

ఆ కుర్చీల వెనక, ఒడ్డుకు రెండు గజాల దూరంలో, నీళ్ల మీద పళ్లెమంత సుడి తిరుగుతోంది. ఒక ఎండుటాకు దాని చుట్టూ తిరిగి, తిరిగి, మధ్యలో నిటారుగా లేచి లోపలికి పోయింది. మళ్లీ పైకి రాలేదు.

పదమూడేళ్లు కిక్కిరిసిన బస్సులో వెనక డోరు దాకా వినబడేలా అరిచిన గొంతు ఆమెది. "లేవండి! అందరూ లేవండి! ముందుకి జరగండి, ఆ చెట్టు దాకా జరగండి! తాతగారూ, కుర్చీ వదిలెయ్యండి! పిల్లల్ని ఎత్తుకోండి! జరగండి, జరగండి!"

ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆ గొంతు వింటే జరగడం ఊరివాళ్లకు అలవాటు. జనం లాకు వైపు వంద గజాలు తరలిపోయారు. ఆమె గట్టు దిగి పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. గుంట ఇక గుంటలా లేదు. నల్లటి నోరులా ఉంది. నీళ్లు కుండీలను తోసుకుంటూ పోతున్నాయి. ఈసారి పెద్దావిడ ఒక్క మాట కూడా మాట్లాడకుండా, చేతిలో ఉన్న మొక్కతో సహా వెంట వచ్చింది. ఆవిణ్ని జనంలోకి పంపి, ఆమె కంకరకు ఇవతల ఊరి వైపు, చేతులు చాపి దారికడ్డంగా నిలబడింది.

మొదట ముగ్గురు వచ్చారు. వాళ్ల కాళ్ల కింద నేల అదరడం ఆమెకు తెలిసింది. "ఆగండి!" అని అరిచింది. ఇద్దరు ఆమెను తప్పించుకుని తిట్టుకుంటూ పోయారు. మూడో అతను ఎర్ర బనియన్ వేసుకున్నాడు. చెవుల్లో పాటల తీగలు. ఆమె వైపు చూడనైనా చూడలేదు. ముగ్గురూ కంకర దాటి లాకు వైపు వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన గుంపు మాత్రం ఆగింది. ఆగినవాళ్ల మీద వెనకవాళ్లు వచ్చి పడ్డారు. "ఎవరమ్మా నువ్వు?" "మా టైము పోతోంది!" "పిచ్చిదానిలా ఉంది, పక్కకి లాగండి!" ఎవరో భుజం పట్టి లాగారు. ఆమె కదల్లేదు.

అప్పుడు మాస్టారి బండి వచ్చింది. ఆయన దిగి, ఆమెను దాటి వచ్చి, నీళ్ల వైపు చూశారు. సుడి ఇప్పుడు బండి చక్రమంత ఉంది. దాని చప్పుడు వినిపిస్తోంది. ఆయన చూసింది ఎంతసేపో కాదు. వెనక్కి తిరిగి రెండు చేతులూ ఎత్తారు.

"పోటీ ఆగిపోయింది! అందరూ వెనక్కి! పరిగెత్తొద్దు, నడవండి! ఊరి వైపు నడవండి!"

నంబర్ల చొక్కాలు వెనక్కి తిరిగాయి. గుంపు వంద గజాలు వెనక్కి జరిగింది. ఆయన ఆమె దగ్గరికి వచ్చి ఏదో అనబోయారు. అంతలో కంకర అవతల ఎర్ర బనియన్ కనబడింది. కాలి పిక్క పట్టేసినట్టుంది, కుంటుకుంటూ తిరిగొస్తున్నాడు. తల వంచుకుని తన కాలునే చూసుకుంటున్నాడు. చెవుల్లో తీగలు అలాగే ఉన్నాయి. అవతల ఉన్న జనం అరిచారు. ఇవతల వీళ్లు అరిచారు. అతను కంకర మీద అడుగుపెట్టాడు.

"మాస్టారూ, వద్దు!" అందామె.

ఆయన అప్పటికే పరుగులో ఉన్నారు. అరవై ఏడేళ్ల మనిషి. మెడలో వాచీ ఎగిరెగిరి పడుతోంది. నడిమధ్యలో అతన్ని అందుకున్నారు. రెండు చేతులతో రొమ్ము మీద తోశారు. అతను వెల్లకిలా పడి, అవతలి అంచుకు దొర్లాడు. జనంలోంచి వెంటబడి వచ్చిన ఎవరో బనియన్ పట్టి లాగారు.

పెద్ద చప్పుడేమీ రాలేదు. తలగడ మీద తల వాల్చినట్టు, గట్టు నెమ్మదిగా కుంగింది. మాస్టారు ఒక అడుగు వేశారు. రెండో అడుగు వెయ్యడానికి నేల లేదు. తర్వాత అక్కడ దారి లేదు. కాలువ మలుపు తిరిగి, గోధుమరంగు గోడలా లేచి, నర్సరీ మీదుగా కిందికి వెళ్లింది.

గండి నలభై అడుగులు పడింది. ముప్పై ఇళ్లలోకి నడుం లోతు నీళ్లు వచ్చాయి. మంచాలు తేలాయి, గోడలు నానాయి. ఇళ్లలో ఒక్క మనిషి లేడు. అందరూ పోటీ చూడటానికి గట్టెక్కి ఉన్నారు. మాస్టారు మూడో రోజున, ఏటి మలుపు దగ్గర దొరికారు.

విచారణ నెల్లాళ్లు నడిచింది. పొడవాటి బల్ల వెనక ముగ్గురు అధికారులు కూర్చున్నారు. వాళ్లు ఆమెను మర్యాదగానే అడిగారు. శనివారం నీళ్లు ఏ రంగులో ఉన్నాయి? ఆ రంగు ఎండ వల్ల కనబడింది కాదని ఎలా చెప్పగలరు? మీకు దీనిలో శిక్షణ ఉందా? ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. అప్పుడు నడుమ కూర్చున్నాయన అద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నాడు:

"మీ అన్నయ్యగారు ఆదివారం తెల్లవారుజామున మూడింటికి, ఉత్తర్వు లేకుండా షట్టర్లు ఎత్తారు. నాలుగున్నర గంటల్లో మట్టం అడుగు పైగా పడిపోయింది. తడిసిన గట్టుకి ఆనుకుని ఉన్న నీళ్లు ఒక్కసారిగా తీసేస్తే, గట్టు జారిపోయే అవకాశముంది. ఈ సంగతి మీకు తెలుసా?"

ఆమెకు తెలియదు. పక్క బెంచీ మీద కూర్చున్న అన్నయ్య వైపు చూసింది. ఆయన మొహం చూస్తే అర్థమైంది, ఆయనకు తెలుసు. ఎత్తేటప్పుడే తెలుసు.

నివేదికలో రెండూ రాశారు. బుంగ వల్ల గండి పడి ఉండవచ్చు, మట్టం వేగంగా తగ్గించడం వల్ల కూడా పడి ఉండవచ్చు. తగ్గించి ఉండకపోతే కాలనీలో నీళ్లు కప్పులు తాకేవని ఒక వాక్యం, చివరి పేజీలో. మట్టం పెంచమని చెప్పినదెవరో రాయలేదు. అన్నయ్యను సస్పెండు చేశారు. ఆ సస్పెన్షన్లోనే ఆయన రిటైరయ్యాడు. దండ లేదు, సభ లేదు. లాకు ఇల్లు ఖాళీ చేసిన రోజు, సామాను ఎక్కించాక, ఖాళీ వరండాలో నిలబడి అడిగాడు.

"పిట్టా, నేను ఎత్తకుండా ఉంటే మాస్టారు బతికేవారా?"

"ఎత్తకుండా ఉంటే ఎంతమంది పోయేవారో" అందామె.

"అది కాదు నేనడిగింది."

వదిన వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి తీసుకెళ్లింది.

ఆ తర్వాత రెండు వారాలకు, మధ్యాహ్నం ఖాళీ బస్సులోకి ఒకావిడ ఎక్కింది. మాస్టారి భార్య. కండక్టరమ్మ ఆవిణ్ని అంత్యక్రియల రోజున చూడటమే. ఆవిడ ముందు సీట్లో కూర్చుని, చివరి స్టాపుకని చెప్పి టికెట్టు తీసుకుంది. దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది. చివరి స్టాపులో అందరూ దిగిపోయాక కూడా లేవలేదు. డ్రైవరు టీ తాగడానికి వెళ్లాడు.

"ఒక్క మాట అడుగుతానమ్మా. నువ్వు దగ్గరున్నావు కాబట్టి" అంది. "ఎవర్నడిగినా, అయ్యో పాపం, కాలు జారింది, కాలం కలిసిరాలేదు అంటున్నారు. గట్టు పోతుందని తెలిసి వెళ్లారా, తెలియక వెళ్లారా?"

కండక్టరమ్మ ఎదుటి సీట్లో కూర్చుంది. డ్యూటీలో ఆమె ఎప్పుడూ కూర్చోదు.

"సుడి చూశారండీ. చూసి అందర్నీ వెనక్కి పంపించారు. తెలుసు. తెలిసే వెళ్లారు."

ఆవిడ తలాడించింది. ఒళ్లో సంచి పిడిని సవరించుకుంది.

"శనివారం రాత్రి ఆయన అన్నం తినలేదు" అంది. "ఏమైందని అడిగితే, నా శిష్యురాలు నాకంటే బాగా చూస్తోందోయ్ అన్నారు. ఇంకేం చెప్పలేదు. తెల్లారి బూట్లు కట్టుకుంటుంటే వెళ్లొద్దని అందామనుకున్నాను. ఎందుకనిపించిందో తెలియదు. అనలేదు."

డ్రైవరు తిరిగొచ్చి ఇంజను స్టార్టు చేశాడు. స్టాపులో జనం ఎక్కడం మొదలుపెట్టారు. కండక్టరమ్మ లేచి నిలబడింది. మాస్టారి భార్య అదే సీట్లో ఉండి, వెనక్కి వెళ్లడానికి ఇంకో టికెట్టు అడిగింది.